కనుమనాడు లాడాల సాయిబుకు ఏమిస్తారు?



కనుమనాడు మన ఇండ్లలో ఎద్దుకు జరిగే మర్యాద కొత్త అల్లునికి కూడా జరగదు. పొద్దున్నే అడవికి పోయి నేరేడు చెక్క, మద్ది చెక్క, నల్లేరు, మారేడు కాయ తెస్తాము. ఉప్పు చేర్చి రోట్లో దంచి ఉప్పుచెక్క చేసి, మూతి పట్టుకొని పిడికెడు పిడికెడుగా మింగిస్తాము. చెరువులో ఒళ్ళు కడిగి, కొమ్ములు జివిరి రంగు పూసి, మెడకు గజ్జెల పట్టెడ కడతాము. పొద్దు వాలినాక ఊరి బయట కాటమరాజు దగ్గరికి తోలుకొని పోయి పొంగలి పెట్టి, చిట్లాకుప్పకు నిప్పు ముట్టిస్తాము. పొలి చల్లుకొంటాము. గుర్రంకొండ మొదలు మదనపల్లె, పుంగనూరు, కుప్పం దాకా ఊరికొక తీరుగా ఈ పండుగ జరుగుతుంది. కుప్పం దాటి అరవసీమలో కాలు పెడితే అదే నాడు మాట్టుపొంగలి.

ఇంతా చేసిన తర్వాత ఒక ప్రశ్న. ఆ ఎద్దు కాలికి లాడం కొట్టినవానికి ఆనాడు మీరేమిచ్చినారు? ఆ పట్టెడ కుట్టినవానికి? బండి చక్రానికి పట్టా ఎక్కించిన కమ్మరికి? సంవత్సరం పొడుగునా గొడ్లను మేతకు తోలుకొని పోయి, ఒక్కటీ తప్పిపోకుండా ఇంటికి చేర్చినవానికి? 

“కూలి ఇచ్చేసినాం గదప్పా, ఇంకేమి ఇయ్యాల?” అంటారు. ఈ పూట మనం చెప్పుకోదలచినది ఆ మాట గురించే.

ముందుగా లాడం పని ఏమిటో చూద్దాము. చూసేవారికి సుత్తి, మేకులు తప్ప మరేమీ కనపడవు. గుర్రం గిట్ట ఒకటే ముక్క గనుక కాలికొక లాడం, మొత్తం నాలుగు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది. చీలికకొక రేకు చొప్పున కాలికి రెండు, నాలుగు కాళ్ళకు ఎనిమిది. అలవాటైన గుర్రం నిలబడి కాలు ఇస్తుంది. ఎద్దు ఇవ్వదు. దానికి తాడు వేసి మెల్లగా పడదోయవలె. నాలుగు కాళ్ళూ కూర్చి కట్టవలె. ఒకడు తల అదిమి పట్టుకోవలె. ఈ పడదోయడంలోనే సగం విద్య ఉన్నది. కడుపునిండా మేసిన ఎద్దును రాతినేల మీద మోటుగా పడేస్తే ప్రక్కటెముకకు దెబ్బ తగులుతుంది, కొమ్ము విరుగుతుంది. అందుకే పని తెలిసినవాడు మేత వేయకముందే తోలుకొని రమ్మంటాడు. మెత్తని నేల వెదుక్కొంటాడు. మనం ఆయన ఆలస్యం చేస్తున్నాడనుకొని గడియారం చూస్తూ ఉంటాము.

గిట్ట పైపెంకు మన గోరు వంటిది, కోసినా నొప్పి లేదు. దాని లోపల మాత్రం మెత్తని కండ, నెత్తురు ఉన్నవి. మేకు ఆ పెంకులోనే ఏటవాలుగా నడిచి పక్కకు బయటికి రావలె. పెంకు మందమేమో చిటికెన వేలంత కూడా ఉండదు. మేకు ఒక్క నూలు లోపలికి తప్పితే అది ప్రాణానికి తగిలినట్లే. ఆ రోజున తెలియదు. రెండు మూడు నాళ్ళకు ఎద్దు ఆ కాలు మోపలేక ఎత్తి పెడుతుంది. లోపల చీము పడుతుంది. దుక్కి అదునులో, వాన పడి పక్క చేలలో మడకలు నడుస్తూ ఉంటే మన ఎద్దు కొట్టంలో మూడు కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. లాడం కూలి ఎన్ని రూపాయలో లెక్క కట్టగలము. తప్పు మేకు పడకుండా ఆయన చేయి కాపాడిన అదునుకు లెక్క కట్టగలమా?

“ఎద్దులే లేనప్పుడు లాడాల మాట ఎందుకు?” అనేవారున్నారు. నిజమే, ట్రాక్టర్లు వచ్చి ఎద్దుల బండ్లు తగ్గినవి. మదనపల్లె, పుంగనూరు వంటి ఊళ్ళలో జట్కాలు తిరిగిన కాలం పోయి, గుర్రం ఇప్పుడు పెండ్లి ఊరేగింపులో కనపడితే కనపడినట్లు. అయితే గిట్ట పని పోలేదు. ఇప్పుడు చాలా ఇండ్లలో ఉన్నవి సంకర జాతి పాడి ఆవులు. అవి పుంగనూరు పొట్టి ఆవు వలె గుట్టలెక్కి మేసేవి కావు. రాత్రింబగళ్ళు సిమెంటు నేల మీదనే నిలబడి ఉంటవి. గిట్ట అరిగే దారి లేక పెరిగి, వంకర తిరిగి, చీలిక పడుతుంది. కాలు నొచ్చిన ఆవు మేత దగ్గరికి సరిగా పోదు, పాలు తగ్గిస్తుంది. ఏడాదికి ఒకటి రెండు మార్లు గిట్టలు చెక్కించడం అవసరమని పశువైద్యులు చెప్పుచున్నారు. గుర్రం సంగతైతే చెప్పనక్కరలేదు. దాని గిట్ట నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆరు ఎనిమిది వారాలకొకసారి లాడం తీసి, గిట్ట చెక్కి, మళ్ళీ కొట్టవలసిందే. ఈ పని తెలిసిన చేతులు ఊరూరా లేవు. ఉన్నవారి కొడుకులు బెంగుళూరు బస్సెక్కుచున్నారు.

గుర్రం మాట వచ్చింది గనుక గుర్రంకొండ కథ ఒకటి చెప్పుకొందాము. ఆ కోటను ఒక గుర్రం కాచేదనీ, అది ఉన్నంత కాలం కోట శత్రువు చేతికి చిక్కదనీ, ఒక మరాఠా వీరుడు ఆ నిటారు కొండ ఎక్కి గుర్రాన్ని దొంగిలించినాడనీ చెప్పుకొంటారు. కథలో గుర్రమున్నది, దొంగ ఉన్నాడు. ఆ గుర్రానికి గడ్డి కోసినవాడు, మాలీసు చేసినవాడు, లాడం కొట్టినవాడు ఎక్కడా కనపడరు! నిజమైన చరిత్రలోనూ అంతే. హైదరు, టిప్పుల కాలంలో గుర్రంకొండ పెద్ద ఠాణా. టిప్పు సుల్తాను మేనమామ మీర్ రజా ఆలీఖాన్ సమాధి ఇప్పటికీ అక్కడ ఉన్నది. 1800లో ఈ సీమ కుంఫిణీ చేతికి పోయింది. నవాబుల పేర్లు, సంధుల తేదీలు గ్రంథాలలో ఉన్నవి. కానీ రౌతు వెనుక నడిచిన సాయిసు, గడ్డివాడు, నాలుబందు పేర్లు లేవు. మరాఠా సైన్యంలో దండు కదలకముందు రౌతులకు ఇచ్చే ముందస్తు పైకానికి నాలుబందీ అనే పేరుండేది. నాలు అంటే లాడమే. లాడం పేరు చెప్పి రౌతుకు పైకం ముట్టినది. లాడం కొట్టినవానికి అందులో ఎంత ముట్టినదో ఎవరూ రాసిపెట్టలేదు.

మన పల్లెల్లో పనివారికి ఒక పాత ఏర్పాటు ఉండేది. కళ్ళంలో రాశి ఇల్లు చేరకముందే కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి, తోలుపని చేసేవారికి మేర కొలిచేవారు. కొందరికి ఈనాము భూములుండేవి. ఈనాము అనే అరబ్బీ మాటకు బహుమానమని అర్థం. పేరుకు బహుమానమే గాని అది హక్కు వంటిది. వాన పడినా పడకపోయినా రైతు కమ్మరిని కాదనలేడు, కమ్మరి రైతును కాదనలేడు. ఇందులో మంచి ఉన్నది, చెడు కూడా చాలా ఉన్నది. తరతరాలుగా ఒకే పనికి కట్టివేయడం, పని చేసినవాణ్ణి వాకిట నిలబెట్టడం దానితోబాటే వచ్చినవి. 1956 చట్టంతో ఈనాములు రద్దయి రైత్వారీ పట్టాలుగా మారినవి. తర్వాత పంపుసెట్లు వచ్చి కపిల బానలు పోయినవి, ట్రాక్టరు వచ్చి కర్రు పని తగ్గింది, మేర కూడా మెల్లగా జారిపోయింది. ఇప్పుడంతా రొక్కమే. రొక్కం రావడం మంచిదే. కూలి ఇంత అని నోరు తెరిచి అడిగే వీలు దానితో వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. పన్నిద్దరు ఆయగాండ్లలో లాడాలు కొట్టేవాడు లేడు. ఆయన సంతకు వచ్చి, ఊరూరా తిరిగి పని చేసుకొనేవాడు. ఆయనకు ఈనాము భూమి లేదు, కళ్ళంలో మేర లేదు. అంగళ్లు సంతలోనో, పుంగనూరు సంతలోనో ఎద్దును పడదోసి, ఎనిమిది రేకులు కొట్టి, చేతిలో పడిన డబ్బు తీసుకొని పోవడమే. కనుక పండుగకు ఇచ్చేది తప్ప ఆయనకూ మీకూ నడుమ కూలిని మించిన సంబంధం మరొకటి లేదు. అది కూడా మానుకొంటే, ఆయన మీకు ఎవరో, మీరు ఆయనకు ఎవరో.

“మామూలు” అనే మాట చూడండి. అది కూడా అరబ్బీదే. వాడుకగా, ఆచారంగా వచ్చేది అని అర్థం. పండుగ మామూలు అంటే ఒకప్పుడు గౌరవమైన మాట. అదే మాట ఇప్పుడు లంచానికి పేరైంది. ఇచ్చేవాని మనసు, తీసుకొనేవాని అధికారం మారితే మాట కూడా చెడిపోతుంది.

ఈ ఆచారం మన దేశంలోనే ఉన్నదనుకోవద్దు. ఇంగ్లండులో క్రిస్మసు మరునాడు, అనగా డిసెంబరు 26న, చెప్పులు కుట్టేవారికి, టపా తెచ్చేవారికి, దుకాణాల్లో పనిచేసే కుర్రవాళ్ళకు డబ్బో వస్తువో ఇచ్చే వాడుక ఉండేది. డబ్బాలో వేసి ఇచ్చేది గనుక దానిని క్రిస్మసు బాక్సు అనేవారు. ఆ రోజుకు బాక్సింగ్ డే అని పేరు. 1871లో దానిని సెలవు దినాలలో చేర్చినారు. శామ్యూల్ పీప్స్ అనే నౌకాదళపు ఉద్యోగి లండనులో ఉండి దినచర్య రాసుకొనేవాడు. 1663 డిసెంబరు 19న ఆయన తన బూట్లు కుట్టేవాని దగ్గరికి పోయినాడు. అక్కడ ఉన్న బాకీ అంతా చెల్లించినాడు. ఆ తర్వాత పనికుర్రల పెట్టెలో పండుగకని కొంత వేసినాడు. ఆ వరుస చూడండి: ముందు బాకీ, తర్వాత బహుమానం. మనలో కొందరు మూడు నెలల కూలి బాకీ పెట్టి, పండుగనాడు ఒక తువ్వాలు భుజాన వేసి, ఫోటో కూడా తీయించుకొంటారు.

అదే డిసెంబరు 26 స్టీఫెను అనే క్రైస్తవ పుణ్యపురుషుని దినం. యూరపులో చాలాచోట్ల ఆయనను గుర్రాలకు రక్షకునిగా భావిస్తారు. స్లొవేనియా, ఆస్ట్రియా పల్లెల్లో ఆనాడు గుర్రాలను గుడి ముందుకు తోలుకొని పోయి దీవెన ఇప్పిస్తారు. ఉప్పు, నీరు కూడా దీవించి, పశువులకు జబ్బు చేసినప్పుడు పెట్టడానికి దాచుకొనే వాడుక ఉండేది. మన ఉప్పుచెక్కకు అది చాలా దగ్గరి చుట్టం! పశువుల పండుగ, పనివారి పండుగ అక్కడ ఒకే తేదీన కలిసి ఉన్నవి. మనకు కనుమ ఉన్నది గాని, రెండో సగం కొంత మరచిపోయినాము.

దొరల కాలంలో మన దేశంలో క్రిస్మసు బహుమానాలు తలక్రిందులుగా నడిచినవి. తమ దేశంలో పైవాడు క్రిందివానికి ఇచ్చేది, ఇక్కడ క్రిందివాడు పైవానికి మోసుకొని పోయినాడు. పండ్లు, పూలు, మిఠాయిలు పళ్ళెరాల్లో పేర్చి దొరల బంగళాలకు పంపేవారు. దానిని డాలీ అనేవారు. ఆ అలవాటు దొరలతో పోయిందని ఎవరైనా అంటే నవ్వుకోవలసిందే. పండుగ వచ్చిందంటే మన కానుక ఆఫీసుల వైపు నడుస్తుంది గాని కొలిమి వైపు నడవదు.

ఇంతకూ ఏమివ్వాలి, ఎట్లా ఇవ్వాలి? 

కొలత అడిగితే, ఒక విడత పనికి మీరెంత కూలి ఇస్తారో అంత ఇవ్వడం న్యాయమని నా అభిప్రాయం. ఒక జత ఎద్దులకు లాడాలు కొట్టించే ఖర్చు ఎంతో అంత. దానికి తోడు బియ్యం, బెల్లం, కందిపప్పు, ఒక కొత్త గుడ్డ. వండిన కూడు గిన్నెలో పెట్టి పంపకండి. వాకిలి బయట ఆకు వేసి పెట్టిన రోజులను ఆ గిన్నె జ్ఞాపకం చేస్తుంది. కలిసి తినవలెనంటే ఇంట్లోకి పిలిచి, మీ పక్కన కూర్చోబెట్టి వడ్డించండి. అది వేరే సంగతి. మీరు కట్టి విడిచిన చొక్కా, మెత్తబడిన అరిసెలు, చిరుగు నోట్లు ఇచ్చే కంటె ఏమీ ఇవ్వకపోవడమే మేలు. ఇల్లాలిని మరువవద్దు. చాలా కొలిముల దగ్గర తిత్తి ఊదేది, సమ్మెట ఎత్తేది కూడా ఆమెయే. చీర ఆమె చేతికే ఇవ్వండి, మీ ఇంటామె చేత ఇప్పించండి.

పిలుపు కూడా బహుమానంలో భాగమే. వయసులో పెద్దవాణ్ణి ఒరే అని కేకవేసి చేతిలో వెయ్యి రూపాయలు పెట్టినా, ఆయనకు గుర్తుండేది ఆ ఒరే. మన సీమలో సాయిబులను మామా అని, అన్నా అని వరుస పెట్టి పిలిచే మంచి అలవాటున్నది. ఆ వరుస మాలపల్లె, మాదిగపల్లె దాకా కూడా పోవలె. పట్టెడ కుట్టిన పెద్దాయనను చిన్నాయనా అంటే మీ సొమ్మేమీ పోదు. ఇంటికి పిలిపించి వాకిట నిలబెట్టడం కాదు, మీరే నడిచి పోండి. 

“మామా, పండగ. ఏడాది పొడుగునా మా గొడ్లను చూసినావు. ఇది పిల్లోళ్ళకు.” ఈ పాటి మాట చాలు. ఉపన్యాసం అక్కరలేదు.

ఇచ్చినది పద్దులో రాయవద్దు. “కనుమకు అయిదువందలిస్తి గదా, ఈ విడత ఊరికే కొట్టు” అంటే అది బహుమానం కాదు, ముందుగా ఇచ్చిన తక్కువ కూలి. పశువుల కాపరి విషయంలో ఇది ఇంకా ముఖ్యం. పండుగకు ఇచ్చినదీ, జ్వరానికి ఇచ్చినదీ అన్నీ అప్పు క్రింద రాసి, అది తీరేదాకా కదలనీయకపోవడం మన పల్లెల్లో తెలియని సంగతి కాదు. 1976 చట్టం ప్రకారం అది వెట్టి, శిక్షించదగిన నేరం. ఇక కాపరి పద్నాలుగేండ్ల లోపు పిల్లవాడైతే, 2016 సవరణ తర్వాత వాణ్ణి పనికి పెట్టుకోవడమే నేరం. ఆ పిల్లవానికి కొత్త చొక్కా తొడిగి తృప్తిపడడం కాదు చేయవలసినది. బడికి పంపి, పెద్దవాణ్ణి జీతానికి పెట్టుకోవలె.

పశువుల డాక్టరు, ఆసుపత్రి సిబ్బంది సంగతి అడుగుతారు. వారు మన ఆవును బ్రతికించినప్పుడు ఏదైనా ఇవ్వాలని మనసుకు తోచడం సహజం. అయితే వారు సర్కారు జీతగాళ్ళు. 1964 నాటి ప్రవర్తనా నియమావళి వారికి వర్తిస్తుంది. పని చేయించుకొనేవారి నుండి కానుకలు పుచ్చుకొనరాదు. మీరు ప్రేమతో ఇచ్చిన నోటు రేపు పక్కింటి బీదరైతుకు రేటవుతుంది. ఇవ్వలేనివాని ఆవు దగ్గరికి రావడానికి ఆలస్యం జరుగుతుంది. కనుక కట్టవలసిన రుసుము ఏదైనా ఉంటే కట్టి రసీదు తీసుకోండి. 1962కు ఫోను చేస్తే వచ్చే సంచార వైద్య వాహనం వారికీ అంతే. నోరారా మంచిమాట చెప్పండి; పైఅధికారికి ఒక కార్డు ముక్క రాసి, ఫలానావారు అర్ధరాత్రి వచ్చి ఈత కష్టం తీర్చినారని తెలియజేయండి. ఆ కార్డు వారికి మీ నోటుకంటె ఎక్కువ పనికివస్తుంది.

చివరగా, ఎవరి పండుగకు ఇవ్వవలె? మన పక్క లాడాలు కొట్టేవారిలో ముసల్మానులు ఎక్కువ. తోలుపని కుటుంబాలలో చాలామంది క్రైస్తవులు. ఎద్దు హిందువు ఇంట ఉన్నది. కొందరు రంజానుకు ఒకరికి, క్రిస్మసుకు ఒకరికి, సంక్రాంతికి ఒకరికి విడివిడిగా ఇస్తారు. వారి పండుగకు పోయి శుభం పలకడం మంచిదే, తప్పక పోండి. కాని పశువుల పని చేసినందుకు ఇచ్చేది మాత్రం కనుమకే ఇస్తే బాగుంటుందని నాకు తోస్తుంది. అది గొడ్డు పండుగ గదా, గొడ్డుకు మతం లేదు. రంజాను నెల ప్రతి సంవత్సరం పది పదకొండు నాళ్ళు ముందుకు జరుగుతూ ఉంటుంది గనుక ఒక్కోసారి కనుమ ఉపవాసాల మధ్య పడుతుంది. 1998లో అట్లా పడింది, 2030లో మళ్ళీ పడుతుంది. ఆ ఏడు పగటిపూట పోయి కాఫీ తాగుదాం రమ్మని బలవంతపెట్టకండి. 

కనుమకు ముందు వారమంతా ఆయనకు తీరిక ఉండదు. అందరికీ అప్పుడే లాడాలు గుర్తుకు వస్తవి. కనుక మీ పని పది రోజులు ముందే చేయించుకొని, కూలి అప్పుడే చెల్లించండి. కనుమ సాయంకాలం ఎద్దులను కాటమరాజు దగ్గరికి తోలుకొని పోయేటప్పుడు, దారి కొంచెం చుట్టైనా, సాయిబు ఇంటి ముందుగా తోలండి. రంగు కొమ్ములు, గజ్జెలు ఊరందరూ చూస్తారు. ఆయన మాత్రం వంగి కాళ్ళు చూస్తాడు. “వెనక కుడికాలు లోపలి రేకు వదులైనట్టుండాది రెడ్డీ, ఎల్లుండి మేత ఎయ్యకుండా తోలుకొని రా” అంటాడు.